మంచివాళ్ళకు కృప ఎందుకు?



కోనసీమలో ఏ ఊళ్ళో జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళినా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "ఎవరికీ అపకారం చేసిన మనిషి కాదండి. అలాంటాయనకి పరలోకం దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుతుందండి?" షామియానా కింద కూర్చున్నవాళ్ళందరూ అవునని తల ఊపుతారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కృతజ్ఞత ఉంది. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ మాట అన్నవారిని ఎవరూ తప్పుపట్టరు, పట్టకూడదు కూడా.

అయితే అదే మాట మంచం పట్టిన మనిషి దగ్గర అంటే ఏమవుతుందో మేము ఒకసారి చూశాం. కొంతకాలం క్రితం రాజోలు వైపు ఒక గ్రామంలో వృద్ధురాలైన ఒక తల్లిని పరామర్శించడానికి వెళ్ళాం. ఆమె బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. సండేస్కూలులో ఆమె దగ్గర వాక్యం నేర్చుకున్న పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఆమెను ఆదరించాలని, "అమ్మగారూ, మీరు ఎంతమందికి మేలు చేశారో దేవుడు చూడలేదా? మీకు భయమెందుకు?" అన్నాం. ఆమె కాసేపు పైకప్పు వైపు చూసి, "చేసింది సరిపోద్దంటారా అండీ?" అని అడిగారు.

మా దగ్గర జవాబు లేకపోయింది. ఓదార్పు అనుకుని మేము ఆమె చేతికి ఇచ్చింది ఒక లెక్కల పుస్తకం. మరణం ముందు ఆ పుస్తకం విప్పిన ఏ నిజాయితీపరునికైనా వచ్చే ప్రశ్నే ఆమెకూ వచ్చింది. ఎంత చేస్తే సరిపోతుంది? ఎవరు చెప్పగలరు? ఈ వారం సంపాదకీయం ఆ ప్రశ్న గురించే.

మంచితనాన్ని బైబిలు తక్కువ చేయదు

ముందుగా ఒక అపోహ తొలగాలి. సత్క్రియలవల్ల రక్షణ రాదు అని మనం చెప్పినప్పుడు, సత్క్రియలకు విలువే లేదని కొందరు అనుకుంటారు. మన హిందూ, ముస్లిం పొరుగువారిలో కొందరికి అది అవమానంగా కూడా తోస్తుంది. వరద వచ్చినప్పుడు పడవ పంపినవాడు, 1996 నవంబరు 6 తుపాను రాత్రి తన డాబా ఇంటి తలుపులు ఊరందరికీ తెరిచినవాడు క్రైస్తవుడు కాకపోయి ఉండవచ్చు. అతని దయ నిజమైన దయ. దాన్ని చిన్నబుచ్చే హక్కు మనకు లేదు.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి కనబడతాడు. యూదుడు కాడు. కాని ఇంటివారందరితో దేవునికి భయపడేవాడు, బీదలకు ధారాళంగా ఇచ్చేవాడు, ఎడతెగక ప్రార్థించేవాడు. దేవదూత వచ్చినప్పుడు ఆ ధర్మకార్యాలను కొట్టిపారేయలేదు, అవి దేవుని సన్నిధికి చేరాయనే చెప్పాడు. అయితే, "నీ మంచితనం చాలు, నిశ్చింతగా ఉండు" అని మాత్రం అనలేదు. యొప్పేకు మనుషులను పంపి పేతురును పిలిపించుకొమ్మన్నాడు. కొర్నేలీ, అతని ఇంటివారు రక్షణ పొందడానికి అవసరమైన మాటలు పేతురు చెబుతాడని దూత తెలియజేసినట్లు 11వ అధ్యాయం 14వ వచనంలో చూస్తాం. దానధర్మాలకు, ప్రార్థనకు పేరుపడిన మనిషికి కూడా యేసుక్రీస్తును గూర్చిన వార్త కావలసి వచ్చింది.

దేవుడు మంచితనాన్ని గుర్తిస్తాడు, కాని రక్షణను దానికి వెలగా కట్టడు. ఈ రెండు సంగతులూ కలిపి పట్టుకోవాలి.

మరి ఎందుకు చాలదు?

మొదటి కారణం పాత బాకీ. కిరాణా కొట్టులో ఖాతా ఉన్న మనిషి, "ఈ రోజు నుంచి ప్రతి సరుకూ రొక్కమిచ్చి కొంటాను" అని నిర్ణయించుకున్నాడనుకోండి. మంచి నిర్ణయమే. దానితో కొత్త బాకీ పెరగదు. కాని పుస్తకంలో ఉన్న పాత బాకీ ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఈ రోజు నేను నిజం చెప్పడం ఈ రోజు నా బాధ్యత. నిన్న ఆడిన అబద్ధానికి అది చెల్లింపు ఎలా అవుతుంది? అందరూ పాపం చేసినవారేనని రోమా 3:23 చెప్పేటప్పుడు, మంచివాళ్ళకు ఒక వరుస, చెడ్డవాళ్ళకు ఒక వరుస అని పౌలు విడదీయలేదు.

రెండవది కొలత. మనం మనల్ని పక్కింటివాడితో కొలుచుకుంటాం. తాగి భార్యను కొట్టేవాడి పక్కన నిలబడితే ఎవరైనా నీతిమంతుడిగానే కనబడతారు. దేవుని కొలత అది కాదు. ధర్మశాస్త్రమంతా పాటించి ఒక్క ఆజ్ఞలో తప్పిపోయినవాడు మొత్తం విషయంలో అపరాధి అవుతాడని యాకోబు 2:10 బోధిస్తుంది. పడవ తాడు ఒక్క చోట తెగినా పడవ కొట్టుకుపోతుంది. మిగతా తాడంతా గట్టిగానే ఉందని చెప్పి ఏం లాభం? మార్కు 10వ అధ్యాయంలో యేసు దగ్గరకు పరుగెత్తి వచ్చిన ధనవంతుడు ఆజ్ఞలన్నీ బాల్యం నుంచీ పాటించానన్నాడు. ప్రభువు అతన్ని ప్రేమించి చూశాడు. తర్వాత అతని ఆస్తి మీద చెయ్యి వేశాడు. అంతే, అతను దుఃఖపడి వెళ్ళిపోయాడు. అతని హృదయంలో మొదటి స్థానం ఎవరిదో అప్పటిదాకా అతనికే తెలియదు.

మూడవ కారణం అన్నిటికంటె లోతైనది. కొబ్బరితోట ఉన్నవారికి మొవ్వుకుళ్లు తెగులు గురించి చెప్పనక్కరలేదు. మొవ్వు లోపల కుళ్ళిపోతున్నా కింది మట్టలు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి. గెలలు వేలాడుతూనే ఉంటాయి. దారిన పోయేవాడు చూసి మంచి చెట్టే అనుకుంటాడు. చెట్టు ఎక్కినవాడికే అసలు సంగతి తెలుస్తుంది. కొండ మీద ప్రసంగంలో యేసు ప్రభువు చేసింది అదే పని. చెయ్యి నరహత్య చేయలేదు సరే, లోపలి కోపం మాటేమిటి? శరీరం వ్యభిచరించలేదు సరే, చూపు మాటేమిటి? (మత్తయి 5:21-28). ఆయన మొవ్వు దాకా ఎక్కి చూశాడు. మట్టలు కడిగినంత మాత్రాన మొవ్వు బాగుపడదు. ప్రవర్తన మార్చుకోవడం మనిషికి కొంతవరకు సాధ్యమే. హృదయాన్ని తిరిగి పుట్టించుకోవడం ఎవరి చేతిలోనూ లేదు. మన నీతిక్రియలు కూడా మురికి గుడ్డవంటివని యెషయా ప్రవక్త (64:6) ఒప్పుకున్నది అందుకే. మంచి చేసేటప్పుడు కూడా మెప్పు కోసం, పేరు కోసం ఆశ ఎక్కడో ఒక మూల నక్కి ఉంటుంది.

ఈ వివాదం సంఘానికి కొత్త కాదు. మనిషి తన స్వంత చిత్తబలంతోనే పాపం లేకుండా జీవించగలడన్న పెలాగియస్ బోధను అయిదవ శతాబ్దంలో అగస్టీను ఎదిరించాడు. 418లో కార్తేజీ సభ ఆ బోధను ఖండించింది. 1517లో మార్టిన్ లూథర్ లేవనెత్తిన ప్రశ్నకూ మూలం ఇక్కడే ఉంది. ఆ ప్రశ్న మీద శతాబ్దాలపాటు విడిపోయిన లూథరన్లు, రోమన్ కతోలికులు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. దేవుడు మనలను అంగీకరించేది మన యోగ్యతను బట్టి కాదు, కేవలం కృపవల్ల, క్రీస్తు చేసిన రక్షణ కార్యంలో విశ్వాసం ద్వారా అని ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. మన ప్రాంతంలో లూథరన్, బ్రదరెన్, కతోలిక, పెంతెకొస్తు, బైబిలు మిషను సంఘాల ఆరాధన పద్ధతులు వేరువేరు కావచ్చు. ఈ ఒక్క చోట మాత్రం అందరి పునాదీ ఒకటే.

నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ సత్యానికి దృష్టాంతం వెదకడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. మన కాలవ గట్టు మీద నిలబడితే చాలు.

సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళలో బావి తవ్వినవారికి ఒక సంగతి తెలుసు. పైపైన కాస్త తియ్యని నీరు దొరుకుతుంది. ఇంకా కావాలని లోతుకు పోతే ఉప్పునీరు తగులుతుంది. అక్కడ తవ్వేవాడి బలం లోపం కాదు, శ్రద్ధ లోపం కాదు. ఎంత కష్టపడి తవ్వితే అంత ఉప్పు. కావలసిన నీరు ఆ నేల అడుగున లేదు.

ఆనకట్టకు ముందు గోదావరి మండల రైతులు సోమరులా? కానే కారు. నాగలి పట్టారు, గట్లు వేశారు, చెరువులు తవ్వారు. అయినా 1832-33 కరవు ఉత్తర సర్కారు జిల్లాలను ఊడ్చేసింది. 1839 నవంబరులో కోరంగి తుపాను వచ్చింది. పక్కనే గోదావరి సముద్రంలోకి పోతూ ఉంది, పొలం ఎండుతూ ఉంది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాయి. గౌతమి, వశిష్ట పాయల నడుమ ఉన్న మన మధ్య డెల్టాకు నీరు అందింది. అయినా రాజోలు వైపు భూములకు వైనతేయ పాయ అడ్డం. ఆ అవతలి రైతు తన పొలంలో ఎంత కష్టపడినా ఏటి మీదుగా కాలవను తెచ్చుకోలేడు. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడెక్టు కట్టి నీటిని ఏరు దాటించారు. దాటించే పని ఇవతలి నుంచి జరిగింది. అవతలివాడు దాన్ని అందుకున్నాడు.

కాటన్ దొరగారు రక్షకుడు కాడు. దేవునికి భయపడిన ఒక మనిషి, అంతే. మేము చెప్పదలచింది నీటి సంగతి. దేవునికీ మనకూ నడుమ పాపమనే పాయ ఉంది. మన ఒడ్డు నుంచి కట్టే ఏ వంతెనా ఆ ఒడ్డు చేరదు. దేవుడే తన కుమారుని పంపి, సిలువ మీద ఆ దూరాన్ని దాటాడు. మన బాకీని క్రీస్తు తనమీద వేసుకున్నాడు, తన నీతిని మనకిచ్చాడు (2 కొరింథీ 5:21). ధర్మశాస్త్రాన్ని పాటించడంవల్లనే నీతి దొరికేదైతే క్రీస్తు మరణం వ్యర్థమే అవుతుందని గలతీ 2:21లో పౌలు తేల్చి చెప్పాడు. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. మంచి నడవడి సరిపోయేదే అయితే, గెత్సేమనే తోటలో ఆ వేదన ఎందుకు? తండ్రి కుమారుణ్ణి అనవసరంగా సిలువకు అప్పగించాడా?

నీరు వచ్చాక రైతు పడుకోలేదు

"మరి అంతా కృపే అయితే ఎలాగైనా బతకొచ్చా అండి?" అని యౌవనస్థుల కూడికల్లో తరచుగా అడుగుతారు. పౌలునూ ఇదే అడిగారు (రోమా 6:1).

కాలవ నీరు పొలంలోకి వచ్చిన రోజు రైతు ఏం చేశాడు? పడుకోలేదు. దమ్ము చేశాడు, ఆకుమడి పోశాడు, ఊడ్పులు ఊడ్చాడు. నీరు లేనప్పటికంటె నీరు వచ్చాక పని పెరిగింది. ఆ పనికి ఇప్పుడు పంట ఉంది. నీరు తెచ్చుకోవడానికి చేసిన పని కాదది, నీరు వచ్చినందుకు చేసిన పని.

ఎఫెసీ 2వ అధ్యాయంలో 8, 9 వచనాలు చదివి చాలామంది పుస్తకం మూసేస్తారు. 10వ వచనం కూడా చదవాలి. క్రియలవల్ల రక్షింపబడలేదన్న మాట వెంటనే, సత్క్రియలు చేయడానికే క్రీస్తునందు సృష్టింపబడ్డామన్న మాట ఉంది. క్రియలు లేని విశ్వాసం మృతమైనదని యాకోబు అన్నదీ ఇందుకే. పౌలు వేరు మాట్లాడాడు, యాకోబు ఫలం మాట్లాడాడు. ఎండిన చెట్టుకు సంతలో కొన్న గెలను తాడుతో కట్టినంత మాత్రాన అది కాయదు. బ్రతికిన చెట్టు కాయక మానదు. పదేళ్ళుగా సాక్ష్యం చెబుతున్న ఇంట్లో కట్నం కోసం కోడలు ఏడుస్తూ ఉంటే, పొలంలో కూలీ డబ్బులు ఎగ్గొడుతూ ఉంటే, ఆ సాక్ష్యాన్ని పరీక్షించుకోవలసిందే.

అతిశయానికి చోటు లేదు

ఎవరూ అతిశయపడకుండునట్లు దేవుడు ఈ మార్గం పెట్టాడని 9వ వచనం భావం. మన నేల మీద ఈ మాటకున్న బరువు మరెక్కడా లేదేమో.

ఇంగ్లండునుంచి 1836లో మన దేశం వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే బ్రదరెన్ మిషనరీలు వశిష్ట అవతల నరసాపురం కేంద్రంగా సేవ చేశారు. ధవళేశ్వరం ఆనకట్ట పని జరిగే రోజుల్లో బౌడెన్ అక్కడి కూలీల మధ్య సువార్త ప్రకటించారు. ఆ తరాల్లో సువార్త అందుకున్నవారిలో ఎక్కువమంది ఊరి బయట ఉంచబడినవారు. ఊరి బావిలో చేద వేయనివ్వలేదు, గుడి గడప తొక్కనివ్వలేదు, అక్షరం నేర్వనివ్వలేదు. ఆచారం, శౌచం, సత్ప్రవర్తన అనే మెట్ల మీదుగానే దేవుని దగ్గరకు వెళ్ళాలంటే, మొదటి మెట్టు దగ్గరకు కూడా వాళ్ళను రానివ్వని రోజులవి. వాళ్ళతో సువార్త, "ముందు యోగ్యులై తర్వాత రండి" అనలేదు. "ఉన్నవారు ఉన్నట్లే రండి, ఆయనే యోగ్యులను చేస్తాడు" అంది. కృప అనే మాట మన తాతముత్తాతలకు వేదాంత పాఠం కాదు. తలెత్తి నిలబడడానికి దొరికిన నేల.

అలాంటి కృప పొందిన మనం ఇప్పుడు ఏం చేస్తున్నాం? ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు మందిరాలు. ఒకే బల్లలో పాలుపొందేవాళ్ళు పెళ్ళి సంబంధం దగ్గర కులం అడుగుతున్నారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో వేరే వాళ్ళ పిల్లలను పెంచుతూ ఒక తల్లి పంపిన డబ్బుతో మందిరానికి స్లాబు పడుతుంది. ఆమె కానుక దేవునికి ప్రీతికరమే. కాని ఫ్యాను రెక్కల మీద ఎవరి పేరు రాయాలో, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలో అని కమిటీలో తగాదా పడితే, మనం నోటితో కృప అంటూ చేత్తో లెక్కలు రాసుకుంటున్నట్టే. లూకా 18లో పరిసయ్యుడు చెప్పుకున్నవేవీ అబద్ధాలు కావు. నిజంగానే ఉపవాసమున్నాడు, నిజంగానే దశమభాగం ఇచ్చాడు. కాని వాటిని దేవుని ముందు రసీదుల్లా పరిచాడు, సుంకరిని చూపి తనను ఎక్కువ చేసుకున్నాడు. రొమ్ము కొట్టుకున్న సుంకరి నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళాడు.

ఇది న్యాయమేనా?

జీవితమంతా మంచిగా బతికినవాడికి లేనిది, చివరి గంటలో మొర్రపెట్టిన దొంగకు దొరకడం న్యాయమా అని కొందరు అడుగుతారు. న్యాయమే కావాలంటే మనలో ఎవరమూ నిలవలేం. సిలువ మీది దొంగకు దొరికింది కూలీ కాదు, క్షమాపణ. అతని చేతులకు మేకులు దిగి ఉన్నాయి, వాటితో ఇక ఏ మంచిపనీ చేయలేడు. కాళ్ళతో ఏ మందిరానికీ నడవలేడు. తన అపరాధం ఒప్పుకుని, పక్కనున్న రాజును ఆశ్రయించడం ఒక్కటే అతనికి మిగిలింది. అది చాలింది. మంచివాడికీ ఆ తలుపే తెరిచి ఉంది. కాకపోతే మంచివాడు చేతిలో ఉన్న తన మూటను కింద పెట్టి లోపలికి రావాలి. అతనికి అదే కష్టం.

క్రీస్తును గూర్చి సరిగా వినకుండానే వెళ్ళిపోయిన మన తాత, మన స్నేహితుడు, మన పొరుగువాడు ఏమయ్యారని అడిగేవారు ఉన్నారు. న్యాయాధిపతి కుర్చీలో మనల్ని ఎవరూ కూర్చోబెట్టలేదు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయమే చేస్తాడన్న నమ్మకంతో అబ్రాహాము మాట్లాడాడు (ఆదికాండము 18:25). వెళ్ళిపోయినవారిని ఆ చేతుల్లో ఉంచుదాం. ఉన్నవారికి వార్త చెబుదాం. చెప్పేటప్పుడు పేతురులా చెబుదాం. కొర్నేలీ తన కాళ్ళ మీద పడితే అతన్ని లేవనెత్తి, తానూ మనిషినేనని చెప్పి తర్వాత సువార్త మొదలుపెట్టాడు.

ఆ రోజు ఆ టీచరమ్మగారి మంచం దగ్గర మేము కొంతసేపు మౌనంగా కూర్చున్నాం. తర్వాత మా మొదటి మాట తప్పని ఒప్పుకున్నాం. "అమ్మగారూ, మీరు చేసింది సరిపోదు. మేము చేసిందీ సరిపోదు. ఆయన చేసింది సరిపోయింది" అని చెప్పి, లూకా 23లోని ఆ దొంగ సంగతి చదివాం. ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. "మళ్ళీ ఒకసారి చదవండి" అన్నారు. చదివాం. వచ్చేటప్పుడు ఆమె ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. సండేస్కూలు పిల్లలు ఎలా ఉన్నారని అడిగారు.

ప్రియులారా, మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవారు ఉండవచ్చు. రేపు వాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు వాళ్ళ సత్క్రియల జాబితా చదివి వినిపించకండి. క్రీస్తు సిలువను చూపించండి. మీరు కూడా ఆ సిలువ మీదే ఆనుకోండి. ఆ తర్వాత లేచి, మేలు చేయడానికి మీ చేతులు చాపండి.

అట్టి కృప మన సంఘాలన్నిటికి తోడైయుండును గాక. ఆమేన్.